దూరప్రవేశ పాఠము – ఒక విమర్శ

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు పోవు రహదారికి ఇరువైపుల కంప్యూటరు శిక్షణాలయములు, విద్యార్థుల హాస్టళ్లు, వాని నడుమ జిరాక్సు దుకాణములు బారులు తీరి యున్నవి. ఈ దుకాణములలో పాఠ్యగ్రంథములతోబాటు ప్రయోగశాల నోట్సులును అమ్ముచుందురు. అట్టి నోట్సులలో ఒకదానిని, అందులోను ఒకే ఒక ప్రయోగమును, ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని. ఆ నోట్సుపై రచయిత పేరు లేదు. ముద్రించిన సంవత్సరము లేదు. అందలి ప్రయోగము పేరు “టెల్‌నెట్ సర్వరును అమర్చుట.” మొత్తము నాలుగు పుటలు.

పేరు లేని నాలుగు పుటలను విమర్శించుట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ఈ నోట్సును నేనే రెండు సంవత్సరములు నా తరగతిలో వాడితిని. అందులో చెప్పని ఒక్క మాటవలన ఒక విద్యార్థికి పెద్ద అన్యాయము జరుగబోయినది. కావున ఈ విమర్శలో సగపాలు నాకును చెందును.

దూరప్రవేశ మనగా నేమి?

మనము ఒక కంప్యూటరు ముందు కూర్చుండి, వేరొక చోటనున్న మరియొక కంప్యూటరును దాని ఎదుటనే యున్నట్లుగా నడపుటకు దూరప్రవేశ మని పేరు పెట్టుకొందము. ఇది నిన్నమొన్నటి కోరిక కాదు. 1969 అక్టోబరు 29న అమెరికాలో ఆర్పానెట్ అను వలపై మొదటి సందేశము పంపినప్పుడు చేసిన ప్రయత్నము ఇదియే. లాస్ ఏంజెలస్‌లోని విశ్వవిద్యాలయమున చార్లీ క్లైన్ అను విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని యంత్రములోనికి ప్రవేశించుటకై “లాగిన్” అను మాటను అక్షరము తరువాత అక్షరముగా కొట్టెను. రెండక్షరములు చేరునప్పటికి ఆవలి యంత్రము ఆగిపోయినది. తరువాత బాగుచేసి ప్రవేశము సాధించిరి. అదే 1969లో మన దేశమునందు టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించిరి. ఇచ్చట మనము యంత్రమును కట్టుట నేర్చుకొనుచున్న కాలముననే, అచ్చట యంత్రములను కలుపుట నేర్చుకొనుచుండిరి.

ఈ ప్రవేశమునకు ఏర్పరచిన మర్యాదల పట్టికయే టెల్‌నెట్. 1969 నుండి మారుచు వచ్చిన ఈ పద్ధతికి 1983 మే నెలలో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ అనువారు ఆర్.ఎఫ్.సి. 854 అను పత్రములో స్థిరరూప మిచ్చిరి. దీనికి కేటాయించిన ద్వారము 23వది. మన దేశములో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యము కల్పించినప్పుడు, తక్కువ రుసుము చెల్లించినవారికి దొరకినది కూడ దూరప్రవేశమే. టెలిఫోను తీగెపై మోడెము ద్వారా ఒక యూనిక్సు యంత్రములోనికి ప్రవేశించి, నల్లని తెరపై అక్షరములు మాత్రమే చదువుకొనెడివారు.

నోట్సు చెప్పు పద్ధతి

ఇక నోట్సునకు వత్తము. ఇది ఒకప్పటి రెడ్‌హ్యాట్ లినక్సును దృష్టియం దుంచుకొని వ్రాసినది. మొదట టెల్‌నెట్ సర్వరు ప్యాకేజీని చేర్చవలెను. రెండవది, ఎక్స్‌ఇనెట్‌డీ అను సేవకు చెందిన చిన్న ఫైలులో “డిజేబుల్” అను పదమునకు ఎదురుగా నున్న “ఎస్”ను “నో”గా మార్చవలెను. మూడవది, ఆ సేవను తిరిగి ప్రారంభింపవలెను. నాలుగవది, ఫైర్‌వాల్ నియమము లన్నిటిని తుడిచివేయవలెను. అయిదవది, రూట్ అను సర్వాధికారి కూడ దూరమునుండి ప్రవేశించునట్లు మరియొక ఫైలులో పంక్తులు చేర్చవలెను. ఆరవది, విండోస్ యంత్రమునుండి ప్రవేశించి చూడవలెను. చివర “ఫలితము: ప్రయోగము విజయవంతముగా ముగిసినది” అని అచ్చువేసి యున్నది. ప్రయోగము చేయకముందే ఫలితమును అచ్చువేయుట ఈ నోట్సుల సంప్రదాయము.

ముందుగా గుణములు చెప్పుట న్యాయము. మెట్లు వరుసగా నున్నవి. ఆ కాలపు యంత్రమునకు సరిపోవునవి. కంప్యూటరును ఎన్నడు తాకని విద్యార్థి కూడ అరగంటలో పని ముగింపగలడు. రెండవ మెట్టులో ఒక మంచి విషయము దాగి యున్నది. టెల్‌నెట్ సేవ ఎల్లప్పుడు మేల్కొని యుండదు. ఎక్స్‌ఇనెట్‌డీ అనునది అపార్టుమెంటు గేటువద్ద కూర్చున్న కావలివాని వంటిది. 23వ ద్వారమువద్ద ఎవరైన పిలిచినప్పుడు మాత్రమే ఆ సేవను లేపును. పాత యంత్రములలో జ్ఞాపకశక్తి కొద్దిగా నుండెడిది గనుక ఇట్టి పొదుపు అవసరమయ్యెను. నోట్సు ఈ సంగతిని చెప్పియుండిన, ఆ పేజీ చదువ దగినదై యుండెడిది. అది చెప్పలేదు.

ఇక దోషములు. నాలుగవ మెట్టు చూడుడు. కావలసినది 23వ ద్వారము ఒక్కటి తెరచుట. నోట్సు చెప్పినది గోడ మొత్తమును కూల్చుట. అయిదవ మెట్టు ఇంకను విపరీతమైనది. రూట్‌ను దూరమునుండి రానీయకుండుట అనునది తయారు చేసినవారు తెలిసియే పెట్టిన అడ్డు. సామాన్యుడుగా ప్రవేశించి, అవసరమైనప్పుడు మాత్రమే అధికారము పొందవలెనని వారి ఉద్దేశము. ఆ అడ్డు ఎందుకున్నదో చెప్పక, దానిని తీసివేయుటయే విద్యగా ఈ నోట్సు బోధించుచున్నది. అన్నిటికంటె పెద్ద లోపము, టెల్‌నెట్‌లో మనము కొట్టు పాస్‌వర్డు ఏ ముసుగు లేకుండ తీగెపై పోవునను మాట నాలుగు పుటలలో ఒక్కచోటను లేకపోవుట.

జరిగిన సంగతి

మా కళాశాల ప్రయోగశాలలో సుమారు ఇరువది యంత్రములు ఒక పాత హబ్బునకు కలిపి యుండెను. విద్యార్థులందరు టెల్‌నెట్ ద్వారా ఒకే సర్వరులోనికి ప్రవేశించి తమ ప్రోగ్రాములు వ్రాసికొనెడివారు. ప్రాక్టికల్ పరీక్షకు కొలది దినములు ముందుగా, ఒక జట్టు విద్యార్థులు ఉమ్మడిగా దాచుకొనిన ఫైళ్లన్నియు మాయమైనవి. సర్వరు చిట్టా చూడగా ఆ పని చేసినది ఒక రెండవ సంవత్సరపు విద్యార్థి ఖాతా అని తేలినది. ఆ సమయమున అతడు ప్రయోగశాలలోనే యుండెను.

విచారణలో నేనును కూర్చుంటిని. “నీ పాస్‌వర్డు నీకొక్కనికే గదా తెలుసు?” అని అడిగినది నేనే. “అవును సార్, ఎవ్వరికి చెప్పలేదు” అని అతడు నిజము చెప్పెను. ఆ నిజమే అతనికి ఉచ్చయ్యెను. నల్లగొండ జిల్లానుండి అతని తండ్రిని పిలిపించితిమి. ఆయన ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి, నేరుగా కళాశాలకు వచ్చి, “మా పిల్లగాడు గసుంటి పని చెయ్యడు సారూ” అని ఒక్క మాట మాత్రమే చెప్పెను. మా యొద్ద చిట్టా యున్నది. ఆయన యొద్ద ఆ మాట యున్నది. మేము చిట్టానే నమ్మితిమి.

ఆ సాయంకాలము దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్.బి. నగర్‌లో దిగునంతవరకు నన్ను ఒక ప్రశ్న వేధించెను. పాస్‌వర్డు అతనికొక్కనికే తెలియునని నాకెట్లు తెలియును? మరునాడు ప్రయోగశాల ఖాళీగా నున్నప్పుడు, అనుమతి తీసికొని, ఒక కొత్త ఖాతా తెరచితిని. ఒక యంత్రమునుండి టెల్‌నెట్ ద్వారా ప్రవేశించుచు, గదికి ఆ చివరనున్న మరియొక యంత్రములో వైర్‌షార్క్ అను పరిశీలన సాధనమును నడిపితిని.

హబ్బు చేయు పని యెట్టిదనగా, ఒకప్పుడు కొత్తపేటలో నడచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులోని వేలంపాట వంటిది. కేక ఒకరికోసమే వేసినను అందరికిని వినబడును. తనకు సంబంధించినవాడు మాత్రమే పలుకును. అట్లే ఒక యంత్రము పంపినది హబ్బు మిగిలిన తీగెలన్నిటిపై పంపును. తనది కానిదానిని విడిచిపెట్టుట ప్రతి యంత్రము పాటించు మర్యాద. వైర్‌షార్క్ ఆ మర్యాదను పక్కనబెట్టి అంతయు వినును.

తెరపై కనబడినది ఇది. ఖాతా పేరులోని ప్రతి అక్షరము రెండుసార్లు కనబడెను. పేరు “కమల” అయినచో “కకమమలల” అని వచ్చును. ఏలనన, టెల్‌నెట్‌లో మనము కొట్టిన అక్షరము సర్వరునకు పోవును. సర్వరు దానిని తిరిగి పంపినప్పుడే మన తెరపై కనబడును. పోవునది ఒకటి, వచ్చునది ఒకటి. పాస్‌వర్డు వద్దకు వచ్చునప్పటికి అక్షరములు ఒక్కొక్కసారి మాత్రమే కనబడినవి. సర్వరు పాస్‌వర్డును తిరిగి పంపదు. అందుచేతనే మన తెరపై ఏమియు కనబడదు. మనము అది దాగియున్న దనుకొందుము. తెరపై దాగినది తీగెపై దాగలేదు. నేను కొట్టిన పాస్‌వర్డు గదికి ఆ చివర, ఒక్క అక్షరము పొల్లుపోకుండ, వరుసగా నిలిచి యుండెను.

ఆ చూపిన దానిని విచారణ సంఘమువారికి మరల చేసి చూపితిని. ఆ గదిలో కూర్చున్న ఎవరైనను ఎవరి పాస్‌వర్డునైనను చదివి యుండవచ్చునని, చిట్టా ఖాతా పేరును చెప్పునే గాని మనిషిని చెప్పదని వారు ఒప్పుకొనిరి. ఆరోపణ తొలగినది. ఆ పని చేసినవా రెవరో నేటికిని తేలలేదు. ఆ విద్యార్థి పరీక్ష వ్రాసెను. కాని అంతకుముందు వారము దినములు తరగతిలో అతని పక్కన ఎవరును కూర్చుండలేదు. ఆ వారమును మేము తిరిగి ఇయ్యలేము.

దోషము సాఫ్టువేరుదా, పాఠముదా?

టెల్‌నెట్‌ను నిర్మించినవారు అవివేకులు కారు. 1969లో వల యనగా కొన్ని పరిశోధన సంస్థలు. ఆవలి వైపున నున్నవారు తెలిసినవారు. ఇరుగుపొరుగు అందరు తెలిసిన పల్లెలో పోస్టుకార్డుపై క్షేమసమాచారము వ్రాసికొనుట తప్పు కాదు. నగరమున బ్యాంకు రహస్యమును పోస్టుకార్డుపై వ్రాయుట తప్పు. టెల్‌నెట్ మన పాస్‌వర్డును పోస్టుకార్డుపై వ్రాయుచున్నది.

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారి 4.2 బి.ఎస్.డి. యూనిక్సులో ఆర్‌లాగిన్, ఆర్‌షెల్ అను సాధనములు వచ్చినవి. పాస్‌వర్డు కొట్టు శ్రమ తగ్గించుట వీని ఆశయము. “ఫలానా యంత్రమునుండి వచ్చినవానిని ఏమియు అడుగక రానిమ్ము” అని ఒక ఫైలులో వ్రాసిపెట్టిన చాలును. “మీ చుట్టాలింటినుండి వచ్చితిని” అనగానే తలుపు తీయుట వంటిది ఇది. వచ్చినవాడు నిజముగా చుట్టాలింటినుండి వచ్చెనా? 1985లోనే రాబర్ట్ మోరిస్ అను యువకుడు, ఒక యంత్రము వేరొక యంత్రముగా నటించుట ఎట్లు సాధ్యమో ఒక పత్రములో చూపెను. 1988 నవంబరులో అదే మోరిస్ విడిచిన పురుగువంటి ప్రోగ్రాము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినప్పుడు, అది పాకిన మార్గములలో ఈ చుట్టరికపు నమ్మకము ఒకటి. 1994 డిసెంబరు 25న శాస్త్రజ్ఞుడు షిమొమూరా యంత్రములపై జరిగిన దాడి 1985 నాటి హెచ్చరికను అక్షరాల నిజము చేసెను.

మరియొక దోషము చరిత్ర వినదగినది. యూనిక్సులో లాగిన్ అను ప్రోగ్రామునకు “ఎఫ్” అను గుర్తు ఇచ్చినచో, “ఈ మనిషిని ఇంతకుముందే పరీక్షించితిమి, మరల అడుగవద్దు” అని అర్థము. దూరమునుండి వచ్చినవాడు తన పేరునకు బదులుగా ఒక చిన్న గీత, ఎఫ్ అక్షరము, రూట్ అను మాట కలిపి చెప్పినచో, లాగిన్ దానిని పేరుగా గాక ఆజ్ఞగా గ్రహించి, పాస్‌వర్డు లేకుండ సర్వాధికారమును చేతికిచ్చెడిది. 1994లో కొన్ని యూనిక్సులలోని ఆర్‌లాగిన్ సేవలో ఈ తప్పు బయటపడి, దిద్దబడినది. 2007లో సొలారిస్ 10లోని టెల్‌నెట్ సేవలో దాదాపు ఇదే తప్పు మరల బయటపడినది. పదమూడేండ్ల తరువాత అదే గుంటలో అడుగు పెట్టుట ఎట్లు సంభవించెను? తప్పును దిద్దుటయే గాక, తప్పు ఎందుకు జరిగెనో వ్రాసి తరువాతివారికి బోధింపవలెను. మన నోట్సులో లోపించినది సరిగ్గా అదియే.

కొత్త పాఠమును కూడ పరీక్షింతము

1995లో ఫిన్లండు దేశమున హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు వలపై ఎవరో పొంచియుండి పాస్‌వర్డులు దొంగిలించిరి. అచ్చటి పరిశోధకుడు టాటు ఇలోనెన్ దీనికి ప్రతిక్రియగా ఎస్.ఎస్.హెచ్. అను సాధనమును రచించెను. దానికి ఆయన అడిగి తెచ్చుకొనిన ద్వారము 22వది. ఫైళ్లు తెచ్చు ఎఫ్.టి.పి.కి 21, టెల్‌నెట్‌నకు 23. ఆ రెంటికిని బదులుగా వచ్చినది నడుమ కూర్చుండెను. దీనిలో సర్వరు తన గుర్తింపు చూపును. ఇరువురు కలిసి, వినువానికి దొరకకుండ ఒక రహస్య సంఖ్యను ఏర్పరచుకొందురు. దీనికి ఆధారము 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రకటించిన గణిత పద్ధతి. పాస్‌వర్డు పోవునది ఆ తరువాతనే, అంటించిన కవరులో.

అయినను ఎస్.ఎస్.హెచ్. అని పేరు మార్చినంత మాత్రమున పాఠము మారదు. ఇదే నోట్సు యొక్క కొత్త కూర్పును చూచితిని. మొదటిసారి ప్రవేశించునప్పుడు సర్వరు తన వ్రేలిముద్ర వంటి సంఖ్యను చూపి “నమ్ముదువా?” అని అడుగును. నోట్సు “ఎస్ అని కొట్టుము” అని మాత్రమే చెప్పుచున్నది. వ్రేలిముద్రను పోల్చిచూడనివానికి దాని వలన ఏమి రక్ష? సరియైన వ్రేలిముద్రను ప్రయోగశాల గోడపై అంటించిన చాలును. విద్యార్థి పోల్చి చూచి “ఎస్” అనును.

పాత పరికరముల విషయములో మరియొక చిక్కు కలదు. ఎస్.ఎస్.హెచ్.కును వార్ధక్యము వచ్చును. 2015లో ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. ఏడవ కూర్పు డి.ఎస్.ఎస్. అను పాత తాళపుచెవులను, 2021లో 8.8 కూర్పు షా-1తో కూడిన పాత ఆర్.ఎస్.ఏ. సంతకములను, మనము కోరిననే తప్ప అంగీకరింపకుండునట్లు చేసినవి. కావున కొత్త ల్యాప్‌టాపునుండి పాత వర్క్‌స్టేషనులోనికి పోబోయినప్పుడు “సరిపోవు తాళము దొరకలేదు” అను భావము గల సందేశము వచ్చును. అప్పుడు చాలమంది చేయు పని, పాత పద్ధతులను అన్ని యంత్రములకు వర్తించునట్లు తిరిగి తెరచుట. చేయవలసినది, ఆ ఒక్క యంత్రము పేరు కింద మాత్రమే ఆ ఒక్క పద్ధతిని అనుమతించుట. ఒక పంక్తి తేడా. ఒక గదికి పాత తాళ మున్నదని ఇంటికంతటికి పాత తాళమే వేయము గదా!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, హాస్టళ్లు మూతపడి, విద్యార్థులు ఊళ్లకు పోయినప్పుడు ఈ పాఠము మాకు నిజముగా అవసరమయ్యెను. ప్రయోగశాలలోని పాత సర్వరు టెల్‌నెట్ తప్ప మరేదియు ఎరుగదు. బయటి ప్రపంచమునకు 23వ ద్వారము తెరచుట సులభమని ఒక సహోద్యోగి సూచించెను. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, టెల్‌నెట్ ద్వారములు తట్టుచు, తయారీదారులిచ్చిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షలకొలది వశపరచుకొని, అక్టోబరు 21న అమెరికాలో అనేక ప్రసిద్ధ సైట్లను అందకుండ జేసిన సంగతి ఆయనకు గుర్తు చేసితిని. చివరకు మేము చేసినది ఇది. ఒక మామూలు యంత్రమున కొత్త ఎస్.ఎస్.హెచ్. పెట్టి, పాస్‌వర్డులు మాని, ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క తాళపుచెవి మాత్రమే అనుమతించి, దానిని గుమ్మముగా నిలిపితిమి. పాత సర్వరును నేరుగా ఒక చిన్న తీగెతో దానికి మాత్రమే కలిపితిమి. బయటి దారి యంతయు కవరులో. లోపలి మూరెడు దూరము మాత్రము పోస్టుకార్డు. పాత సాఫ్టువేరును పారవేయ నక్కరలేదు. దాని వయస్సును గుర్తించి తగిన చోట కూర్చుండబెట్టవలెను.

పాఠ మెట్లుండవలెను?

టెల్‌నెట్‌ను పాఠ్యక్రమమునుండి తొలగింపుమని నేను కోరుటలేదు. ఒకప్పుడు జంతుశాస్త్ర విద్యార్థి కప్పను కోసి చూచి హృదయమును తెలిసికొనినట్లు, నెట్‌వర్కు విద్యార్థి టెల్‌నెట్‌ను విప్పి చూచి సంభాషణ నడచు తీరును తెలిసికొనగలడు. అంత తేటగా లోపల కనబడు సాధనము మరియొకటి లేదు. ఇప్పుడు మా ప్రయోగశాలలో ఆ ప్రయోగమునకు రెండు భాగములు. మొదటి దినమున ప్రతి విద్యార్థి ఒక ఉత్తుత్తి ఖాతాతో టెల్‌నెట్ ద్వారా ప్రవేశించి, తన పాస్‌వర్డును తానే తీగెపై చదువును. రెండవ దినమున ఎస్.ఎస్.హెచ్.తో అదే పని చేసి, తెరపై అర్థము కాని అక్షరముల గుంపును చూచును. ఫలితమును ముందుగా అచ్చువేయుట మానితిమి. చూచినదానిని ఎవరి మాటలలో వారు వ్రాయుదురు.

హబ్బునకు బదులుగా స్విచ్చిని కూడ పెట్టితిమి. స్విచ్చి ఎవరిది వారికే చేర్చును. కాని దానిని మోసగించు ఉపాయములును కలవు గనుక, ఆ మార్పుతో తృప్తిపడరాదని విద్యార్థులకు చెప్పుచుందుము.

ఆ నాలుగు పుటల నోట్సు దుకాణములలో ఇంకను దొరకుచునే యున్నది. కొనువారిని వలదనను; పరీక్ష రేపే అయినచో వారి తొందర నాకు తెలియును. అధ్యాపకులను మాత్రము ఒకటి కోరుదును. దానిని తరగతిలో చేతికిచ్చుటకు ముందు, ప్రతి మెట్టు పక్కన “ఎందుకు?” అని పెన్సిలుతో వ్రాసి, జవాబు తోచని మెట్టువద్ద ఆగుడు. నేను నాలుగవ మెట్టువద్దనే ఆగవలసి యుండెను. ఆగియుండిన, నల్లగొండనుండి వచ్చిన ఆ పెద్దమనిషి ఎదుట తలవంచుకొను అవసరము నాకు కలుగకపోయెడిది.